పోతురాజుకు వేసిన కుట్లు

మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో తెగ్గొట్టిన నాళాన్ని తిరిగి కలిపే పని నేర్చుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే, ముందు కదలకుండా కూర్చోవడం నేర్చుకోండి. మైక్రోస్కోప్ ముందు ఒక పూటంతా వెన్ను వంచకుండా కూర్చోవాలి. మా ఇంట్లో పిల్లలు గోడకు ఆనుకుంటే మా నాన్న సహించేవారు కాదు, కాబట్టి నాకు అది కష్టం కాలేదు. కష్టమంతా ఆ తర్వాతది. కిడ్నీలో రాయి తీస్తే రాయి చేతిలో ఉంటుంది. గడ్డ తీస్తే గడ్డ ట్రేలో ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో మాత్రం కుట్లు వేసి చేతులు కడుక్కున్నాక, దారి తెరుచుకుందో లేదో తెలియడానికి నెలలు పడుతుంది. లోపల ఏం జరుగుతోందో రోగికి తెలియదు, మనకు తెలియదు, ఏ స్కానూ చెప్పదు. ఆ నెలల్లో నేను కుర్చీలో కుదురుగా కూర్చున్నది తక్కువ. వార్డులో పనిలేకపోయినా కారిడార్ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే నర్సులు "సార్ ఎవరికో నాళం కలిపినట్టున్నారు" అనుకునేవారట.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు వచ్చిన కేసు ఒకటి నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పింది. దాని గురించి చెబుతాను.

మా ఆసుపత్రి హైటెక్ సిటీకి దగ్గరే. ఔట్ పేషెంట్ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది మెడలో కంపెనీ ఐడీ కార్డు ఉండేది. మా మాటలు, మా జాగ్రత్తలు, మా అపాయింట్‌మెంట్ వేళలు అన్నీ వాళ్లకు తగ్గట్టుగానే తయారయ్యాయి. ఒక మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. కార్డు ఆమె మెడలో ఉంది. ఆమెది కడప వైపు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఆయనది ఇక్కడి ఊరే, కోకాపేట దాటాక టవర్ల మధ్య ఇరుక్కుపోయిన ఊళ్లలో ఒకటి. ఉన్న కొద్ది జాగాలో నాలుగంతస్తులు లేపి కిరాయిలకు ఇచ్చుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, పలక లాంటి ఛాతీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మధ్య దాచుకుని కూర్చున్నాడు.

ఆయన ఊరి పేరు చెప్పినప్పుడు నేను తల కూడా ఎత్తలేదు. ఆ ఊరికి ఒకప్పుడు మా వాళ్లు దొరలు. మా తాత కాలానికే అంతా కరిగిపోయింది. మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటివాణ్ణి నేనే. రోగుల ముందు ఇవన్నీ చెప్పుకోవడం మా పద్ధతి కాదు.

"ఆపరేషన్ ఎప్పుడయింది?" అని అడిగాను.

"పద్నాలుగేండ్లయితది సార్. మా ఊరికి క్యాంపు వచ్చినప్పుడు చేయించుకున్న. రెండు కాన్పులకే నా భార్య రక్తం లేక పాలిపోయింది. ఆమెకు మల్ల కోత పెట్టుడెందుకని నేనే పోయిన. మగోడివి నీకెందుకురా అని ఊరంతా నవ్విన్రు."

"ఇప్పుడు ఆమె?"

"పోయింది సార్. డెంగీ వచ్చి, ఐదొద్దులల్ల పోయింది. ఇద్దరు ఆడపిల్లలున్నరు. పెద్దది డిగ్రీ చదువుతున్నది." పక్కకు చూశాడు. "ఈమె మా బిల్డింగ్‌లనే కిరాయికుండేది. నీళ్లు వస్తలేవని రోజూ కొట్లాడేది సార్. రోజూ కిందికి దిగి కొట్లాడుడు ఆమెకు కష్టమైతుందని పెండ్లి చేసుకున్న."

"నువ్వు ఉండు రవ్వంత సేపు," అంది ఆమె. నవ్వలేదు. "సార్, పెళ్లి మాట రాకముందే ఈయన చెప్పినాడు, నాకు ఆపరేషన్ అయిందని. దాచిపెట్టలేదు. నీకు బిడ్డ కావాలంటే మళ్లీ విప్పించుకుంటా అన్నాడు. ఆ మాట మీద చేసుకున్నా. నాకు ముప్పై ఆరు సార్. ఇంకెంత టైముందో మీరే చెప్పండి."

చెప్పాను. ఏళ్లు గడిచే కొద్దీ ఈ ఆపరేషన్ ఫలించే అవకాశం తగ్గుతుంది. నాళం కలిసినంత మాత్రాన వీర్యకణాలు వస్తాయని లేదు, కణాలు వచ్చినంత మాత్రాన గర్భం నిలుస్తుందని లేదు. ఆమె వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ మెత్తగా చెప్పడం నాకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

మా సంతాన విభాగం పెద్ద డాక్టరు, కాకినాడ ఆవిడ, నా గది తలుపు తట్టకుండా రాగల ఒకే ఒక్క మనిషి. ఆ సాయంత్రం వచ్చి నిలబడే మొదలుపెట్టింది.

"అదేంటండీ, ఆవిడ వయసు చూసే ఒప్పుకున్నారా? మీరు కుట్టి, అవి మాని, దారి తెరుచుకునేసరికి ఆవిడకి ఉన్న కాస్త కాలం కూడా అయిపోతుంది. సూదితో నాలుగు కణాలు తీసి నా ల్యాబ్‌కి ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

"అడిగాను. ఆమె వద్దంది."

"మీరు అడిగే పద్ధతిలో అడిగితే దేవుడైనా వద్దంటాడండీ. నేను అడుగుతాను ఉండండి."

అడిగింది. గంటసేపు కూర్చోబెట్టి అడిగింది. ఆమె ఒకటే మాట చెప్పింది. "మా అక్కకు మూడుసార్లు ఐవీఎఫ్ చేసినారు మేడమ్. రోజూ ఆ సూదులు నేనే వేసేదాన్ని. మూడోసారి కూడా పోయినాక మా అక్క మనిషి కాలేదు. నాకొద్దు." కనీసం ఆపరేషన్ రోజున కొన్ని కణాలు తీసి గడ్డకట్టించి దాచుదామని మా డాక్టరు బతిమాలింది. "దాచిపెడితే రేపు నా మనసు మారతాది మేడమ్. మారకూడదు," అని లేచిపోయింది.

అంటే, ఇక ఉన్నది నా కుట్లే. అవి నిలిస్తే ఆమెకు బిడ్డ. లేకపోతే లేదు.

ఆపరేషన్ జ్యేష్ఠంలో చేశాను. తతంగమంతా చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క ఘట్టం చెప్పాలి. మూసుకుపోయిన చోటు కింద నాళాన్ని కోసినప్పుడు లోపలి నుంచి ఒక చుక్క వస్తుంది. ఆ చుక్కను గాజు పలక మీద పెట్టి చూస్తాం. నీళ్లలా ఉండి, అందులో కణాలు కనిపిస్తే అక్కడికక్కడే కలిపేయవచ్చు. చిక్కగా పేస్టులా వచ్చి కణాలు లేకపోతే, ఇంకా కిందికి దిగి, వృషణం వెనక చుట్టలు చుట్టుకున్న గొట్టానికి కుట్టాలి. అది చాలా కష్టమైన పని, నమ్మకం కూడా తక్కువ. కుడివైపు చుక్క తేటగా వచ్చింది. పలక మీద కణాలు కొన్ని కదులుతున్నాయి కూడా. ఎడమవైపు టూత్‌పేస్టులా వచ్చింది. కుడివైపు వెంట్రుకకన్నా సన్నటి దారంతో రెండు వరసల్లో కుట్టాను. ఎడమవైపు చేయగలిగింది చేశాను. కానీ ఆశంతా కుడివైపే. ఆ రోజు నా చేతి కింద దారం ఒక్కసారి కూడా తెగలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ తృప్తి.

మూడో రోజున ఇంటికి పంపుతూ నా జూనియర్ ఆయనకు జాగ్రత్తలు చెప్పాడు. ఆరు వారాలు జిమ్ వద్దు, బ్యాడ్మింటన్ వద్దు, బైకు వద్దు, బరువులెత్తొద్దు, వీకెండ్ ట్రెక్కింగులకు వెళ్లొద్దు. ఆయన ప్రతిదానికీ భక్తిగా తలూపాడు. కుట్ల మీద పట్టీ మార్పించుకోవడానికి వచ్చినప్పుడు గాయం చక్కగా ఉంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "వచ్చే ఐతారం మా ఊర్ల బోనాలు సార్. మీరు రావాలె," అన్నాడు. చూద్దాం అన్నాను.

ఆ ఆదివారం పొద్దున నేను మియాపూర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో పేపరు చదువుతున్నాను. ఫోన్ మోగింది. ఆమె.

"సార్, ఈయన ఒంటికి పసుపు పూసుకుంటున్నాడు."

"పసుపే కదమ్మా. పండగ. పూసుకోనివ్వండి."

"నడుముకు వేపాకు కడుతున్నారు సార్. కాళ్లకు గజ్జెలు కట్టినారు. కొరడా తెచ్చినారు. ఈయన పోతురాజు అంట సార్! నాకు ఈ రోజు తెలిసింది, ఇన్నేళ్లూ బోనాలప్పుడు మా ఊరికి పోయేదాన్ని. మా ఊళ్లలో ఇట్లాంటిది లేదు. వీళ్ల నాయన, వీళ్ల తాత, అందరూ పోతురాజులే అంట. గుడి దాకా ఎగురుకుంటా పోవాలంట!"

పేపరు కింద పడింది. మా జూనియర్ చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. జిమ్, బ్యాడ్మింటన్, ట్రెక్కింగ్. అమ్మవారి ముందు కొరడా ఝళిపిస్తూ నాలుగడుగుల ఎత్తు ఎగరొద్దని మాలో ఎవరికీ చెప్పాలని తోచలేదు.

"ఆయనకు ఫోన్ ఇవ్వండి."

ఆయన గొంతు వెనక డప్పులు అప్పటికే వేడెక్కుతున్నాయి. "సార్, మీరు చెప్పినయన్నీ చేసిన. బరువులెత్తలే. బండి నడపలే. ఆట ఆడొద్దన్నరు, ఆడలే. దుంకుడు గురించి ఎవరూ చెప్పలే సార్."

"ఇప్పుడు నేను చెబుతున్నాను. ఎగరొద్దు."

"ఫికర్ చేయకున్రి సార్. మెల్లగ దుంకుత." ఫోన్ పెట్టేశాడు.

మెల్లగా ఎగిరే పోతురాజును నేను ఎన్నడూ చూడలేదు. చొక్కా మార్చుకుని కారు తీశాను. కొండాపూర్ దాటేసరికి దారి మూసేశారు. ఇంకో దారిన వెళ్తే అక్కడా అమ్మవారికి సమర్పించే రంగు కాగితాల తొట్టెలు మోసుకుపోతున్న గుంపులు. ఒక టవర్ ముందు సెక్యూరిటీ గార్డుతో వాదించి కారు వదిలి నడిచాను. నా నడక గురించి మా ఇంట్లో ఒక మాట ఉండేది, దొర నడిస్తే ధూళి లేవదని. ఆ రోజు పరుగెత్తాను.

ఊరి వీధి మలుపులో డప్పులు వినబడ్డాయి. తర్వాత ఆయన కనబడ్డాడు. తల నుంచి కాలి దాకా పసుపు, నుదుట రూపాయంత కుంకుమ, నడుముకు వేపమండలు, ఎర్ర లంగోటి. కొరడా గాలిలో మెలితిరిగి పేలుతోంది. ప్రతి పేలుడుకూ ఆయన నేల విడిచి లేస్తున్నాడు. లేచిన ప్రతిసారీ నా కుడిచెయ్యి నా అనుమతి లేకుండా పిడికిలి బిగిస్తోంది. వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్ల వరస. ముందువరసలో, తలమీద పసుపు కుంకుమల కుండతో, పట్టుచీరలో ఆమె. నన్ను చూసింది. కుండ మీద చెయ్యి ఉంచుకునే కళ్లతో అడిగింది.

ఏం చెయ్యను? రోగికి చేసిన ఆపరేషన్ గురించి నలుగురిలో నోరు విప్పకూడదు. మొదటి ఆపరేషన్‌కే ఊరు నవ్విందన్నాడు. రెండోది ఫలించకముందే నేను బయటపెడితే ఇక ఈ వీధిలో ఆయన తలెత్తలేడు. కాబట్టి కారణం చెప్పకుండా ఆపాలి.

గుంపును నడిపిస్తున్న పెద్దమనిషి ఒకాయన భుజాన తుండుతో అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గరకు వెళ్లాను. నాకు తెలిసిన ఆచారం ఒకటుంది. మా తాత రోజుల్లో పోతురాజు కోటలాంటి మా గడి ముందు ఆగేవాడు. మా ఇంటివాళ్లు కొరడా తాకి, కొత్తబట్ట కప్పి, కదలమనేవరకు అడుగు వేసేవాడు కాదు. ఎన్నడూ ఎవరికీ చెప్పుకోనిది ఆ వీధిలో చెప్పాను. నేను ఫలానా వారి మనవణ్ణి, పాత మర్యాద ప్రకారం పోతురాజు ఒకసారి ఆగాలి అన్నాను.

పెద్దాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఓ, గడి వాళ్లా! మంచిదే సార్. గా గడి జాగల ఇప్పుడు ఫర్నిచర్ షోరూం ఉన్నది గద. గాడ ఆగితే ట్రాఫిక్ జామ్ అయితదని పోలీసోళ్లు వద్దన్నరు."

వెనక నుంచి ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి పట్టుకుని, "అంకుల్, జర పక్కకు జరగున్రి. వీడియోల మీరే పడుతున్రు," అన్నాడు.

జరిగాను. ఇంతకు మించిన అవమానాలు మా కుటుంబానికి జరిగాయి. అయినా నా ముఖం వేడెక్కింది. ఇక మర్యాదలు పక్కనపెట్టి సూటిగా ఆయన ముందుకే వెళ్లి నిలబడ్డాను. కొరడా కొస నా చెవి పక్కగా పోయింది. ఆయన నన్ను గుర్తుపట్టి ఆగాడు, డప్పులు ఆగలేదు. చెవి దగ్గరకు వంగి అన్నాను, "లోపలి దారం వెంట్రుకంత కూడా లేదు. ఇంకొక్కసారి ఎగిరితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు."

ఆయన రొప్పుతున్నాడు. పసుపు మీద చెమట చారలు. "సార్, ఇయ్యాల నేను కొరడా కింద పెడితే మా చిన్నాయన కొడుకు ఎత్తుకుంటడు. ఆడు పదేండ్ల సంది చూస్తున్నడు. మా తాత నుంచి వచ్చింది సార్. ఎందుకు పెట్టినవురా అంటే ఏమని చెప్పాలె? మల్ల నవ్వుతరు."

పెద్దల నుంచి వచ్చినదాన్ని వదులుకోమని ఒకడికి చెప్పే అర్హత నాకు ఉందా అనిపించింది. ఆలోగా ఎవరో నా మోచెయ్యి పట్టి పక్కకు లాగారు. డప్పు గుక్క తిప్పుకోకుండా మోగింది. ఆయన మళ్లీ కొరడా ఎత్తాడు.

అప్పుడు ఒక కేక.

అంత పెద్ద కేక ఆమె నోటి నుంచి వస్తుందని నేను ఊహించలేదు. చూసేసరికి ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి, ఒళ్లంతా ఊగుతోంది, తలమీద బోనం మాత్రం పడలేదు. డప్పులు తడబడ్డాయి. ఆడవాళ్లు గబగబా జరిగి చోటిచ్చారు. "అమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది," అన్నారు. ఎవరో బిందెడు పసుపునీళ్లు ఆమె పాదాల మీద పోశారు.

"ఏమిరా పోతురాజా!" అందామె. "నా ముందర ఎగరమని నిన్ను ఎవురు అడిగినారురా? నేను అడిగినానా?"

డప్పులు ఆగిపోయాయి. ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"నువ్వు ఎగిరింది సాలు. ఈ యేడు నువ్వు ఎగరాకు. నా పక్కన నడు. పైలంగా నడు. ఆ కొరడా మీ తమ్మునికియ్యి. వచ్చే యేడు నాకు మళ్లా నువ్వే కావల్ల!"

పెద్దాయన చేతులు జోడించి, "తల్లీ, శాంతించు. నువ్వు చెప్పినట్టే చేస్తం," అన్నాడు. ఆ వెంటనే పక్కనున్న ముసలామె వైపు వంగి గొంతు తగ్గించాడు. "అమ్మ ఏంది, సీమ మాట మాట్లాడుతున్నది?"

"అమ్మకు ఏ భాష రాదురా?" అని కసిరింది ఆ ముసలామె. "మొన్న బీహార్ పోరగాడు మొక్కితే హిందీల పలకలే? మూసుకుని దండం పెట్టు."

ఆయన కొరడాను రెండు చేతులతో కళ్లకద్దుకుని చిన్నాయన కొడుక్కి ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు. అమ్మవారి మాట మీద ఇచ్చినవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు? వేపమండ పట్టుకుని, పసుపు ఒంటితో, భార్య పక్కన గుడిదాకా చిన్నచిన్న అడుగులేసుకుంటూ నడిచాడు. నేనూ వెనకే నడిచాను. ఇస్త్రీ చొక్కా భుజం మీద పసుపు చెయ్యి ఒకటి అచ్చుపడింది. ఎవరిదో తెలియదు.

గుడి దగ్గర బోనం దించాక ఆమె నా దగ్గరకు వచ్చింది. ముఖం మీద నీళ్లు ఇంకా కారుతున్నాయి.

"నిజంగానే వచ్చిందా అమ్మా?" అని అడిగాను. అడగకూడదని తెలుసు. ఆగలేకపోయాను.

"అరుద్దామని అనుకున్నా సార్. అంతవరకు నేనే. ఆ తర్వాత మాటలు నేను అనుకున్నవి కావు." చీర కొంగు పిండుకుంది. "కానీ 'ఈ యేడు' అన్నానంట కదా. రెండేళ్లని ఎందుకు అనలేదో!"

ఆయన అప్పటికే ఎంత ఎగిరాడో ఎవరికీ తెలియదు. సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి పిలిపించాను. కుడివైపు వాపు, లోపల కొంచెం రక్తం చేరింది. పడుకోబెట్టాం, ఐస్ పెట్టాం, మందులిచ్చాం. వాపు తగ్గింది. లోపల కుట్టు ఉందో జారిందో చూసే మార్గం లేదు. మొదటి పరీక్ష దసరా అయ్యాక. అప్పటిదాకా నేను తిరిగిన తిరుగుడుకు కారిడార్ నేల అరగలేదంటే ఆ గచ్చు గొప్పతనం. కాకినాడ డాక్టరు ఒకటి రెండుసార్లు ఎదురై, ఏదో అనబోయి, మానుకుంది. ఆవిడ ఏమీ అనకపోవడం నాకు మరీ దుర్భరంగా ఉండేది.

దసరా వెళ్లాక రిపోర్టు వచ్చింది. సున్నా.

ఆయన నా గదిలో కుర్చీ అంచున కూర్చుని, "నేను దుంకినందుకేనా సార్?" అని అడిగాడు.

తెలియదన్నాను. అదే నిజం. ఎగిరినందుకు కావచ్చు, పద్నాలుగేళ్ల మచ్చ వల్ల కావచ్చు, మొదటి పరీక్షలో సున్నా వచ్చి తర్వాత దారి తెరుచుకున్నవాళ్లూ ఉన్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు. కోపంతో కాదు. చూస్తే ఏడుపొస్తుందని. "మళ్లీ ఎప్పుడు సార్ పరీక్ష?" అని మాత్రం అడిగింది.

వాళ్లు వెళ్లాక కాకినాడ డాక్టరు వచ్చింది. ఈసారి తలుపు తట్టింది. "ఇంకా చూద్దామండీ," అంది. "వాపు కూడా పూర్తిగా మానాలి కదా. నేనైతే ఇప్పుడే ఏమీ తేల్చను." నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇద్దరికీ టీ తెప్పించింది. ఆవిడ నాతో అన్నేళ్లు వాదించినా, గెలిచే అవకాశం వచ్చిన రోజున వాదించలేదు. యువ డాక్టర్లు నేర్చుకోవలసిన వాటిలో పుస్తకాల్లో లేనివి కూడా ఉంటాయి.

సంక్రాంతి సెలవుల తర్వాత రెండో పరీక్ష. ల్యాబ్ నుంచి రిపోర్టు కంప్యూటర్‌లోకి రాకముందే కిందికి దిగి, మైక్రోస్కోప్ దగ్గర ఉన్న అమ్మాయిని లేపి నేనే చూశాను. మొదట ఏమీ లేదు. పలకను కాస్త జరిపాను. ఒకటి. దానికి దూరంగా ఇంకొకటి, తోక ఆడిస్తూ. ఆ తర్వాత మూడు. గొప్ప సంఖ్య కాదు. కానీ కదులుతున్నాయి. నేను లేచి నిలబడి మళ్లీ కూర్చుని మళ్లీ చూశాను. "సార్, చూసింది చాలు, నాకు ఇంకా నలుగురి శాంపిళ్లున్నాయి," అంది ఆ అమ్మాయి.

తర్వాత వచ్చినవన్నీ ఎక్కువవుతూ వచ్చాయి. ఎండాకాలం ముగియకముందే ఒక పొద్దున ఆమె ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. వెనక ఏదో మీటింగ్ గోల. "సార్, నిలిచింది," అంది. అంతే అంది. ఫోన్ పెట్టేసింది.

ఆ ఏడు బోనాలకు ఆయనే ఎగిరాడట. ఆమె బోనం ఎత్తలేదు. మేడమీద కుర్చీలో కూర్చుని చూసిందట. చలికాలంలో ఆడపిల్ల పుట్టింది.

మీరు ఇక్కడ ఆపేయమంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నేను రిటైరయ్యే నెల్లాళ్ల ముందు ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. పాప ఆయన భుజం మీద నిద్రపోతోంది.

"సార్, ఒక మాట," అన్నాడాయన. ఆమె మోచేత్తో పొడిచింది. "అదే సార్. మల్ల చేయాలె."

"ఏది?"

"కోసుడు."

నాకు అర్థం కావడానికి కొంత టైము పట్టింది.

"ఈయనకు ముగ్గురు, నాకు ముగ్గురు," అంది ఆమె. "పెద్దది నన్ను అమ్మా అని పిలుస్తోంది సార్ ఇప్పుడు. ఇంక చాలు. నాకు ఈ వయసులో మళ్లీ వద్దు. కుటుంబ నియంత్రణ నేను చేయించుకుంటానంటే ఈయన ఒప్పుకోడు."

"ఆమెకు కోత ఎందుకు సార్?" అన్నాడు. "నాకు అలవాటే గద. జర బోనాలు అయినంక తారీఖు పెట్టున్రి."

"నా జూనియర్ చేస్తాడు. చిన్న పని," అన్నాను.

"వద్దు సార్. మీరే చేయాలె. మీరు కుట్టిన జాగ మీకు ఎరుక."

బోనాలు అయిన వారానికి, ఆ ఆసుపత్రిలో నేను చేసిన చివరి ఆపరేషన్లలో అది ఒకటి. కలపడానికి ఒక పూటంతా పట్టిన దాన్ని తెంచడానికి చాయ్ తాగినంత సేపు చాలు. ఎడమవైపు ముందు చేశాను. కుడివైపు నాళాన్ని వేళ్ల మధ్యకు తీసుకున్నప్పుడు నా పాత కుట్టు చేతికి తగిలింది. చిన్న గింజలా, గట్టిగా. దాన్ని వదిలి, ఒక అంగుళం పైకి జరిగి, అక్కడ కోసి ముడివేశాను.

"ఇంత పైకి ఎందుకు సార్?" అని అడిగాడు జూనియర్. "అక్కడే కోయొచ్చు కదా?"

పాత కుట్టు దగ్గర మచ్చ కట్టి ఉంటుంది, ముడి సరిగ్గా బిగుసుకోదు అని చెప్పాను. అదీ నిజమే.